అమ్మేవాళ్ల తక్కువ వడ్డీ హోమ్ లోను మన పేరు మీదికి తెచ్చుకోవడం ఎలా? అమెరికాలో ఇల్లు కొనేవాళ్ల కోసం

ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు ఏజెంటు పక్కకి వచ్చి "ఈ ఇంటి మీద 2.75 శాతం లోను ఉంది, కావాలంటే ఆ లోను మీరే తీసుకోవచ్చు" అన్నాడనుకోండి, ఎవరికైనా ఆశ పుడుతుంది. పుట్టాలి కూడా. 2021 జనవరిలో 30 ఏళ్ల ఫిక్స్‌డ్ లోను సగటు రేటు 2.65 శాతానికి దిగింది. బ్యాంకుల నుంచి హోమ్ లోన్లు కొనే ఫ్రెడ్డీ మాక్ అనే సంస్థ 1971 నుంచి ఈ లెక్క రాస్తోంది, అంత తక్కువ అంతకుముందు ఎప్పుడూ లేదు. అదే రేటు 2023 అక్టోబరుకి 7.79 శాతానికి ఎక్కింది, తర్వాత కొంత దిగినా పాత రోజులు మాత్రం తిరిగి రాలేదు. అప్పట్లో లోను తీసుకున్నవాళ్లు ఇల్లు అమ్ముతుంటే ఆ రేటుని కూడా మనం కొనుక్కోగలిగితే ఎంత బావుంటుంది! కొన్ని రకాల లోన్లకి అది నిజంగానే కుదురుతుంది. వీటిని అస్యూమబుల్ లోన్లు అంటారు, ఆ మార్పిడిని అసంప్షన్ అంటారు.

నేను ఇందులో ఒకసారి ఓడిపోయాను, రెండోసారి సాధించాను. మొదటిసారి రేటు ఒక్కటే చూసి పరిగెత్తాను. ఇందులో అసలు విషయం రేటు కాదని, ఇంటి ధరకీ మిగిలిన అప్పుకీ మధ్య ఉండే తేడా డబ్బు అని నాలుగు నెలలు పోగొట్టుకున్నాక అర్థమైంది. అందుకే ఆ లెక్క దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, మిగతావి త్వరగా చెప్పేస్తాను.

ముందు లోను ఏ రకమో తెలుసుకోండి

ప్రభుత్వ పూచీ ఉన్న లోన్లే సాధారణంగా చేతులు మారతాయి. అంటే ఎఫ్‌హెచ్‌ఏ (ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్), వీఏ (మాజీ సైనికుల శాఖ, అంటే వెటరన్స్ శాఖ), యూఎస్‌డీఏ (వ్యవసాయ శాఖ). ఫ్రెడ్డీ మాక్, అలాంటిదే అయిన ఫ్యానీ మే కిందికి వచ్చే మామూలు కన్వెన్షనల్ ఫిక్స్‌డ్ లోన్లలో "ఇల్లు చేతులు మారితే మొత్తం బాకీ ఒక్కసారిగా కట్టాలి" అనే షరతు ఉంటుంది, దాన్నే డ్యూ ఆన్ సేల్ అంటారు. ఆ షరతుని అమలు చేసే హక్కు బ్యాంకులకి 1982 నాటి గార్న్ సెయింట్ జర్మైన్ చట్టం ఇచ్చింది. ఆ చట్టంలోనే కొన్ని మినహాయింపులు కూడా ఉన్నాయి: యజమాని చనిపోయి ఇల్లు బంధువుకి వచ్చినప్పుడు, విడాకుల్లో భార్యకో భర్తకో వచ్చినప్పుడు, అలాంటివి. బయటివాళ్లు కొనుక్కోవడానికి మాత్రం అవి పనికిరావు. కన్వెన్షనల్‌లో రేటు మారుతూ ఉండే కొన్ని లోన్లకి అసంప్షన్ షరతు ఉంటుంది కానీ మనం వెతికేది 2.75 ఫిక్స్‌డ్ కాబట్టి వాటిని వదిలేద్దాం.

వీఏ లోను గురించి చాలామందికి ఒక అపోహ ఉంది, అది మిలిటరీవాళ్లకి మాత్రమే అని. మొదట తీసుకునేటప్పుడు మాత్రమే ఆ నియమం. తర్వాత దాన్ని మన పేరు మీదికి మార్చుకోవడానికి మనం సైన్యంలో పనిచేసి ఉండక్కర్లేదు, ఆదాయం, క్రెడిట్ సరిపోతే చాలు. డాలస్, శాన్ ఆంటోనియో, వర్జీనియా వైపు వెతికేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మాజీ సైనికుల ఇళ్లు అక్కడ చాలానే అమ్మకానికి వస్తుంటాయి. యూఎస్‌డీఏ లోన్లు పల్లె ప్రాంతాలకి, ఆదాయ పరిమితులతో వచ్చేవి కాబట్టి మనలో చాలామందికి తగలవు.

ఏ రకం లోనో ఎలా తెలుస్తుంది? లిస్టింగ్‌లో రాసి ఉంటే సరే, లేకపోతే ఏజెంటు చేత అమ్మేవాళ్లని అడిగించండి. నమ్మకం కుదరకపోతే కౌంటీ రికార్డుల్లో డీడ్ ఆఫ్ ట్రస్ట్ (ఇంటి తనఖా పత్రం) చూడండి, అది ఎవరైనా చూడొచ్చు. వీఏ లోనైతే "ఈ లోను వెటరన్స్ శాఖ అనుమతి లేకుండా మరొకరికి మారదు" అని అందులో పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, ఎఫ్‌హెచ్‌ఏ అయితే దాని కేసు నంబరు ఉంటుంది. లోను తేదీ కూడా అక్కడే ఉంటుంది, దాన్ని బట్టి రేటు ఎంత ఉండొచ్చో అంచనా వేసుకోవచ్చు.

తాజా నెలవారీ స్టేట్‌మెంటు అడగండి

నోటిమాట వద్దు. బాకీ ఎంత, రేటు ఎంత, ఇంకా ఎన్నేళ్లు మిగిలింది, వాయిదాలో అసలు, వడ్డీ ఎంత, ఎస్క్రో (ప్రాపర్టీ టాక్స్, ఇంటి ఇన్సూరెన్స్ కోసం పక్కన పెట్టే డబ్బు) ఎంత, మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్ (మనం బాకీ ఎగ్గొడితే లోను ఇచ్చినవాళ్లని కాపాడే బీమా) ఎంత, అన్నీ ఆ కాగితం మీద ఉంటాయి. దానితో పాటు ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: కోవిడ్ టైంలో వాయిదాలు ఆపుకున్నారా, లోను మాడిఫై చేయించుకున్నారా, పార్షియల్ క్లెయిమ్ ఏమైనా ఉందా అని. ఎఫ్‌హెచ్‌ఏ లోను బాకీపడినప్పుడు ఆ మొత్తాన్ని పక్కన పెట్టి, వడ్డీ లేని రెండో తనఖాగా హడ్ (ఎఫ్‌హెచ్‌ఏని నడిపే ప్రభుత్వ శాఖ) పేరు మీద రాసుకోవడమే పార్షియల్ క్లెయిమ్. అది నెలవారీ వాయిదాలో కనబడదు, చాలామంది అమ్మేవాళ్లే మర్చిపోతారు, చివర్లో టైటిల్ సెర్చిలో (ఇంటి హక్కులు, దాని మీద బాకీలు వెతికే తనిఖీలో) బయటపడి అందరికీ టెన్షన్. ఇంటి మీద హోమ్ ఈక్విటీ లోను గానీ, సోలార్ పలకల లీజు గానీ ఉందేమో అని కూడా ఇప్పుడే అడిగేయండి.

తేడా డబ్బు లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. అమ్మేవాళ్లు 2021లో 3 లక్షల 20 వేల డాలర్లు 2.75 శాతానికి 30 ఏళ్లకి తీసుకున్నారు, ఐదేళ్లు కట్టారు. అసలు, వడ్డీ కలిపి వాయిదా 1,306 డాలర్లు, ఇప్పుడు మిగిలిన బాకీ సుమారు 2 లక్షల 83 వేలు, ఇంకా 25 ఏళ్లుంది. ఇంటి ధర 4 లక్షల 40 వేలు. మనకి లోను మారేది 2 లక్షల 83 వేలకే. మిగతా 1 లక్షా 57 వేలు అమ్మేవాళ్ల ఈక్విటీ, అది క్లోజింగ్ రోజున, అంటే ఇల్లు చేతులు మారే రోజున, వాళ్ల చేతికి అందాలి. అది మనం ఎక్కడినుంచి తెస్తాం? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు లేకుండా ముందుకెళ్లకండి. నేను మొదటిసారి ఇక్కడే దెబ్బతిన్నాను, తేడా డబ్బు "ఎలాగో సర్దుదాంలే" అనుకున్నాను, రెండో లోను ఇస్తానన్న చోట చివర్లో కాదన్నారు, అప్పటికి అమ్మేవాళ్ల ఓపిక కూడా అయిపోయింది.

చేతిలో మొత్తం డబ్బు ఉంటే ఆలోచించాల్సింది పెద్దగా లేదు. అదే 2 లక్షల 83 వేలు బయట 6.5 శాతానికి కొత్తగా తీసుకుంటే నెలకి 1,789 కట్టాలి, ఇక్కడ 1,306. నెలకి 480 డాలర్ల పైన మిగులు, పైగా అప్పు ఐదేళ్లు ముందే తీరుతుంది. ఇంకో సంగతి చూడండి, కొత్త లోనులో మొదటి నెల కట్టే దాంట్లో 1,533 వడ్డీకే పోతుంది, అసలులోకి 256 మాత్రమే వెళ్తుంది. పాత లోనులో వడ్డీ 649, అసలులోకి 657. మనం కట్టేదాంట్లో సగం పైన మొదటి రోజు నుంచే మన ఇంట్లోకి వెళ్తుందన్నమాట. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది ఇదే, నెల వాయిదా ఎంత తగ్గింది అన్నదానికంటే ఇది పెద్ద లాభం.

కానీ చాలామంది దగ్గర లక్షన్నర డాలర్లు నగదుగా ఉండవు. చేతిలో 70 వేలు ఉన్నాయనుకుందాం. మిగతా 87 వేలకి రెండో తనఖా లోను కావాలి, దాని రేటు మొదటి లోను కంటే ఎక్కువే ఉంటుంది. 9 శాతం, 20 ఏళ్లు అనుకుంటే నెలకి 783. రెండూ కలిపి 2,089. దీన్ని దేనితో పోల్చాలి? మామూలుగా కొంటే అదే 70 వేలు డౌన్ కట్టి 3 లక్షల 70 వేలు 6.5కి తీసుకునేవాళ్లం, అప్పుడు 2,339, ఇరవై శాతం డౌన్ లేదు కాబట్టి దానిమీద ఇన్సూరెన్స్ అదనం. అంటే అసంప్షన్‌లో నెలకి 250 మిగులు. రెండు లోన్ల రేటు కలిపి చూస్తే 4.2 శాతం చిల్లర పడుతుంది. 2.75 అని మురిసిపోయింది 4.2 అయింది, అయినా మంచిదే.

ఇక్కడ ఎఫ్‌హెచ్‌ఏకి, వీఏకి తేడా వచ్చేస్తుంది, దీన్ని చాలా వివరణల్లో దాటేస్తారు. వీఏ లోనుకి నెలవారీ ఇన్సూరెన్స్ లేదు. ఎఫ్‌హెచ్‌ఏకి ఉంది. 2023 మార్చిలో కొత్త లోన్లకి దాన్ని ఏడాదికి 0.85 శాతం నుంచి 0.55కి తగ్గించారు గానీ పాత లోన్లు పాత లెక్కలోనే ఉన్నాయి, 2021లో తక్కువ డౌన్ కట్టి తీసుకున్న లోనుతో పాటు ఆ 0.85 కూడా మనకి వస్తుంది. 10 శాతం కంటే తక్కువ డౌన్ కట్టిన లోనైతే అది లోను తీరేదాకా పోదు. మన ఉదాహరణలో అది నెలకి సుమారు 200 డాలర్లు. అంటే 250 మిగులు కాస్తా 50కి పడిపోతుంది. ఎదుటి పక్క కొత్త లోనుకి కూడా ఇన్సూరెన్స్ ఉంటుంది కాబట్టి ఇంకాస్త కలుపుకోవచ్చు, అసలు త్వరగా తీరే లాభం కూడా ఎక్కడికీ పోదు. కానీ నెల ఖర్చు బాగా తగ్గుతుందని ఆశపడి వచ్చినవాళ్లకి ఇది నిరాశే. తేడా డబ్బు ఎక్కువై, దానికి అప్పు చేయాల్సి వచ్చి, అది ఎఫ్‌హెచ్‌ఏ లోను కూడా అయితే నేనైతే వదిలేస్తాను.

పైగా రేటు తక్కువుందని ధర పెంచి అడిగేవాళ్లు ఉంటారు. పక్క ఇళ్లు 4 లక్షల 40కి పోతుంటే దీనికి 4 లక్షల 65 అడిగితే, నెలకి 250 మిగిలే ఇంటికి ఆ పాతిక వేలు వసూలవడానికి వంద నెలలు, ఎనిమిదేళ్లు దాటిపోతుంది. అన్నాళ్లు ఆ ఇంట్లో ఉంటారా? రేట్లు ఈలోపు తగ్గితే? బేరం ఆడండి, ఈ లెక్క కాగితం మీద వేసి చూపించి మరీ ఆడండి.

రెండో లోను ఇచ్చేవాళ్లని ఇల్లు వెతకడానికి ముందే మాట్లాడుకోండి. అసంప్షన్ వెనక రెండో లోను ఇవ్వడానికి చాలా బ్యాంకులు ఒప్పుకోవు. క్రెడిట్ యూనియన్లని అడగండి, ఇలాంటి లావాదేవీలే చేసే ప్రత్యేక కంపెనీలూ ఉన్నాయి, వాటి ఫీజులు మాత్రం జాగ్రత్తగా చూడండి. అమ్మేవాళ్లే కొంత డబ్బు వాయిదాల్లో తీసుకోవడానికి ఒప్పుకుంటే అదీ ఒక దారే, కానీ మొదటి లోను సర్వీసర్‌కి (వాయిదాలు వసూలు చేసే కంపెనీకి) అది తెలిసి, వాళ్లు సరే అని ఉండాలి.

మనకి అర్హత ఉందా?

పాతరోజుల్లో ఎవరైనా సంతకం పెట్టి తీసేసుకునేవాళ్లు. ఎఫ్‌హెచ్‌ఏలో 1989 డిసెంబరు 15 తర్వాతి లోన్లకి, వీఏలో 1988 మార్చి 1 తర్వాతి వాటికి కొనేవాళ్ల ఆదాయం, క్రెడిట్ పరిశీలించి అనుమతి ఇవ్వాల్సిందే. ఎఫ్‌హెచ్‌ఏ లోను తీసుకుంటే ఆ ఇంట్లో మనమే ఉండాలి, అద్దెకివ్వడానికి కుదరదు. వీఏ లోనుకి ఆ పట్టింపు సాధారణంగా లేదు గానీ సర్వీసర్‌ని అడిగి తెలుసుకోండి.

హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. శాశ్వత నివాసం లేనివాళ్లకి ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు ఇవ్వకూడదని హడ్ 2025 మార్చిలో చెప్పింది, ఆ ఏడాది మే 25 నుంచి కొత్త కేసు నంబర్లకి అది అమల్లోకి వచ్చింది. మనం తీసుకునేది పాత కేసు నంబరున్న లోను. అయినా ఆ ఇంటి సర్వీసర్ మీ వీసా మీద ఒప్పుకుంటుందో లేదో ఆఫర్ పెట్టకముందే ఈమెయిల్‌లో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్లో "పర్లేదు" అన్నమాటని నమ్మి ఇన్‌స్పెక్షన్లకి డబ్బు పోయకండి.

కాగితాలు మామూలు లోనుకి ఇచ్చేవే: రెండేళ్ల డబ్ల్యూ2లు, టాక్స్ రిటర్నులు, పే స్టబ్‌లు, రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, వీసా కాగితాలు. తేడా డబ్బు పెద్దది కాబట్టి ఇండియా నుంచి అమ్మానాన్నలు పంపుతుంటే ముందే మొదలుపెట్టండి. అక్కడ నివాసి అయిన ఒక్కొక్కరు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) కింద ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్ల వరకు పంపొచ్చు. పెద్ద మొత్తాల మీద బ్యాంకు టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటుంది, వాళ్లు తమ రిటర్నులో దాన్ని సర్దుబాటు చేసుకోవచ్చు. ఇక్కడ మనం విదేశాల్లో ఉన్నవాళ్ల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు మించి గిఫ్టు తీసుకుంటే అమెరికా పన్ను శాఖకి ఫారం 3520 వేయాలి. పన్ను పడదు, కానీ ఫారం వేయకపోతే జరిమానా భారీగా ఉంటుంది. గిఫ్టు లెటర్, డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి వచ్చిందో చూపే స్టేట్‌మెంట్లు భద్రంగా ఉంచుకోండి.

సర్వీసర్‌తో వ్యవహారం

నచ్చిన బ్యాంకుకి వెళ్లే వీలు లేదు. ఆ లోను వాయిదాలు ఇప్పుడు ఎవరు వసూలు చేస్తున్నారో ఆ సర్వీసరే ఈ పని చేయాలి. వాళ్లకి ఇందులో మిగిలేది తక్కువ, ఎందుకంటే ఫీజుకి పరిమితి ఉంది. ఎఫ్‌హెచ్‌ఏలో 900 డాలర్లుగా ఉన్న గరిష్ఠ ఫీజుని 2024లో 1,800 చేశారు. వీఏలో ప్రాసెసింగ్ ఫీజు కాక, బాకీలో 0.5 శాతం వీఏకి ఫండింగ్ ఫీజు కట్టాలి, మన ఉదాహరణలో అది 1,415 డాలర్లు. అయినా కొత్త లోను ఖర్చులతో పోలిస్తే తక్కువే.

మొదటి ఫోను అమ్మేవాళ్ల చేత చేయించండి, లోను వాళ్లది కాబట్టి మనతో మాట్లాడరు. అసంప్షన్ విభాగం కావాలని అడగమనండి. మామూలు కస్టమర్ కేర్ వాళ్లలో కొందరికి ఈ మాటే తెలియదు, "మా దగ్గర కుదరదు" అనేస్తారు, అక్కడితో ఆగిపోవద్దు. అమ్మేవాళ్లు మన పేరు మీద ఆథరైజేషన్ లెటర్ ఇస్తే తర్వాత నేరుగా మాట్లాడుకోవచ్చు. పూర్తి ఫైలు అందాక సొంతంగా నిర్ణయించే అధికారమున్న సర్వీసర్లు 45 రోజుల్లో తేల్చాలని వీఏ నియమం. నిజానికి మొత్తం పని రెండు మూడు నెలలు పట్టడం మామూలే. నా మొదటి ఫైలు ఒక సర్వీసర్ దగ్గర ముగ్గురి చేతులు మారింది, ప్రతి కొత్త మనిషీ పే స్టబ్‌లు పాతబడ్డాయి మళ్లీ పంపండి అనేవారు. రెండోసారి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను: ప్రతి సోమవారం ఒక ఈమెయిల్, అందులో ఇప్పటిదాకా ఏం పంపానో తేదీలతో జాబితా, కొత్త పే స్టబ్ వాళ్లు అడగకముందే జతచేసేవాణ్ణి. "ఫైలు పూర్తయింది" అని వాళ్ల చేత రాయించుకోవడం ముఖ్యం, గడువు లెక్క అక్కడినుంచే మొదలవుతుంది.

కాంట్రాక్టులో ఏం ఉండాలి

ఇది అసంప్షన్ కొనుగోలు అని స్పష్టంగా రాయాలి. టెక్సాస్‌లో రియల్ ఎస్టేట్ కమిషన్ వాళ్ల లోన్ అసంప్షన్ అడెండమ్ ఫారమే ఉంది, మీ రాష్ట్రంలో ఏది వాడతారో ఏజెంటుని అడగండి. ఇంతకుముందు ఒక్క అసంప్షన్ అయినా చేసిన ఏజెంటు దొరికితే సగం బరువు దిగినట్టే. సర్వీసర్ ఒప్పుకోకపోతే ఎర్నెస్ట్ మనీ (ముందుగా ఇచ్చే బయానా) వెనక్కి వచ్చేలా షరతు, రెండో లోను రాకపోయినా అదే షరతు, క్లోజింగ్ తేదీ కనీసం 90 రోజులు, కావాలంటే పొడిగింపు, ఇవి లేకుండా సంతకం పెట్టకండి. ఈలోపు వాయిదాలు అమ్మేవాళ్లే టైంకి కట్టాలని కూడా రాయించండి.

అసంప్షన్‌కి చాలాసార్లు అప్రైజల్ (ఇంటి విలువ కట్టించడం) అడగరు. అడగలేదు కదా అని సంబరపడొద్దు, ఆ పని మన తరఫున చేసేవాళ్లు లేరన్నమాట. సొంత ఖర్చుతో అప్రైజల్, ఇన్‌స్పెక్షన్ రెండూ చేయించుకోండి. టైటిల్ సెర్చి, ఓనర్స్ టైటిల్ ఇన్సూరెన్స్ కూడా తప్పనిసరి అనుకోండి.

అనుమతి లేకుండా చేసే ఒప్పందాల జోలికి పోకండి

"సర్వీసర్‌తో ఈ గోలంతా ఎందుకు, డీడ్ మీ పేరు మీద రాసేస్తాం, లోను మా పేరు మీదే ఉంటుంది, వాయిదాలు మీరు కట్టుకోండి" అనేవాళ్లు తగులుతారు. దీన్ని సబ్జెక్ట్ టు అంటారు. మన ఊళ్లలో జీపీఏ మీద ఇళ్లు కొన్నవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో గుర్తుందిగా, 2011లో సుప్రీంకోర్టు అలాంటి కాగితాలతో హక్కు రాదని తేల్చాక గానీ చాలామందికి తెలిసిరాలేదు. ఇక్కడ డీడ్ మన పేరు మీదికి వచ్చినా, లోను ఇచ్చినవాళ్లకి విషయం తెలిసిన రోజున మొత్తం బాకీ అడిగే హక్కు వాళ్లకుంది, అప్పుడు ఆ రోజు రేటుకి కొత్త లోను తెచ్చి కట్టాలి, లేదా ఇల్లు పోతుంది. అమ్మినాయన దివాలా తీసినా చిక్కే. ఇన్నేళ్ల కష్టార్జితం అలాంటి చోట పెట్టకండి.

మీరే అమ్మేవాళ్లైతే

రిలీజ్ ఆఫ్ లయబిలిటీ అనే కాగితం చేతికి రాకుండా తాళాలు ఇవ్వకండి. అది లేకపోతే కొన్నవాళ్లు వాయిదా ఎగ్గొట్టిన రోజున దెబ్బ మీ క్రెడిట్ మీద పడుతుంది. వీఏ లోను ఉన్నవాళ్లకి ఇంకొక చిక్కు ఉంది. కొనేవాళ్లు కూడా అర్హులైన సైనికులై, తమ ఎంటైటిల్‌మెంట్‌ని (ఒక్కో సైనికుడికి వీఏ ఇచ్చే పూచీ పరిమితిని) బదులు పెడితే తప్ప మీ ఎంటైటిల్‌మెంట్ ఆ లోను తీరేదాకా దానికే కట్టుబడి ఉంటుంది. తర్వాతి ఇల్లు వీఏ మీద కొనాలనుకుంటే దాని విలువ కూడా ధరలో లెక్కవేసుకోండి. కొనేవాళ్లు కూడా ఈ సంగతి తెలిసి మాట్లాడితే బేరం మర్యాదగా సాగుతుంది.

క్లోజింగ్ రోజు, ఆ తర్వాత

టైటిల్ కంపెనీలో అసంప్షన్ ఒప్పందం, డీడ్, రెండో లోను కాగితాలు, రిలీజ్ అన్నీ ఒకే రోజు జరగాలి. ఒప్పందంలో బాకీ, రేటు, మిగిలిన నెలలు మీ దగ్గరున్న స్టేట్‌మెంటుతో సరిపోయాయో లేదో ఒక్కో అంకె చూడండి. ఎస్క్రో ఖాతాలో అమ్మేవాళ్ల డబ్బు ఉంటుంది, సాధారణంగా అది మనకి బదిలీ అయి, ఆ మేరకు మనం వాళ్లకి కట్టాలి, కొన్ని వేల డాలర్లు ఉండొచ్చు, ముందే లెక్కలో పెట్టుకోండి.

మొదటి రెండు నెలలు ఆటో పే నమ్ముకోకుండా మీరే చూసి కట్టండి, పేర్లు మారేటప్పుడు వాయిదా అమ్మేవాళ్ల పాత ఖాతాలో పడి తప్పిపోవడం నేను చూశాను. ఇంటి ఇన్సూరెన్స్ మీ పేరు మీద కొత్తగా తీసుకుని సర్వీసర్ పేరు అందులో సరిగా రాయించండి. హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి ప్రాపర్టీ టాక్స్‌లో తగ్గింపు) ఉన్న రాష్ట్రమైతే కొత్తగా దరఖాస్తు పెట్టుకోవాలి, అమ్మేవాళ్లది మనకి రాదు, అది పోయాక ప్రాపర్టీ టాక్స్ పెరిగి ఎస్క్రో కూడా పెరుగుతుంది. ఇక బోనస్సో, టాక్స్ రిఫండో చేతికొస్తే ఆ 2.75 లోను జోలికి పోకండి, దాన్ని నిదానంగా నడవనివ్వండి. వచ్చిందంతా 9 శాతం రెండో లోనుకి కట్టండి. మన ఉదాహరణలో 783కి బదులు నెలకి 1,100 కడితే అది ఇరవై ఏళ్లకి కాకుండా పది పదిన్నర ఏళ్లకే తీరిపోతుంది.